కనబడలేదన్నంత మాత్రమున లేదని కాదు

ధాన్యమునకును బావినీటికిని జరుగు పరీక్షల చీటీలను చదువు విధము

పూర్వము రైతు పెట్టెలో శిస్తు రసీదు, ఎరువుల పద్దు, సంఘపు అప్పు పత్రము మాత్రమే యుండెడివి. ఇప్పుడు వానితోబాటు భూసార పరీక్ష చీటీ, బావినీటి పరీక్ష చీటీ, ధాన్యములో మిగిలిన పురుగుమందుల పరీక్ష చీటీ కూడ చేరుచున్నవి. ఈ చివరి రెండు చీటీలలో అనేక పదార్థముల పేర్లు వరుసగా నుండును. కొన్నిటి కెదురుగా అంకె యుండును. పెక్కింటి కెదురుగా అంకెకు బదులు ‘కనబడలేదు’ అని గాని, ‘ఎన్.డి.’ అని గాని, ‘బి.డి.ఎల్.’ అని గాని, ‘10కి లోపు’ అని గాని వ్రాసియుందురు.

రైతు దీనిని చూచి ‘మన ధాన్యములో మందు లేదు’ అని సంతోషించును. సంఘపు గుమాస్తా తన పుస్తకములో సున్న వేయును. సంవత్సరాంతమున ఆ సున్నలనే కూడి భాగించి సరాసరి తీయుదురు. ఆ సరాసరిని నమ్మి బేరమాడుదురు, ఆ సరాసరిని నమ్మియే బావినీరు త్రాగుదురు. ఈ మూడు పనులలోను పొరపాటు కలదు. ఆ పొరపాటు ఎట్టిదో, దానిని తప్పించుకొను మార్గమేదో ఈ పాఠమున వివరింపబడును. ఇందులకు కూడిక, భాగహారము తెలిసిన చాలును.

1. వానకొలతనుండి నేర్వదగినది

వర్షమానమును చూచిన వారికి ఈ సంగతి సులభముగా బోధపడును. వానను మిల్లీమీటర్లలో కొలుచు గాజు పాత్రపై నుండు గీతలు మిల్లీమీటరులో పదియవ వంతు వరకే చదువనిచ్చును. ఒకనాడు నాలుగు చినుకులు పడి దుమ్ము అణగినను, పాత్రలోని నీరు మొదటి గీతకు అందకపోవచ్చును. అట్టి దినమున వాతావరణ శాఖవారు సున్న వేయరు. ‘జాడ మాత్రము’ అని వేరుగా గుర్తు పెట్టుదురు. చినుకే పడని దినమునకు మాత్రమే సున్న వేయుదురు. వాన పడినది గాని కొలతకు అందలేదు అనుట ఒకటి, వాన పడలేదనుట వేరొకటి.

ఇందులోనే మరియొక భేదము కూడ కలదు. ఆ శాఖవారు 2.5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని కురిసిన దినమునే వర్షపు దినముగా లెక్కింతురు. 2 మిల్లీమీటర్లు కురిసిన దినము వర్షపు దినముల సంఖ్యలో చేరదు, గాని నెల మొత్తములో చేరును. కనుక ఇచ్చట రెండు హద్దు లున్నవి. మొదటిది పాత్రకు చేతనైన హద్దు. రెండవది మనుష్యులు ఏర్పరచుకొన్న హద్దు. పరీక్ష చీటీలలోను ఈ రెండే యుండును. మొదటి దానిని మనము ‘కొలతహద్దు’ అందము. రెండవ దానిని ‘చట్టపు హద్దు’ అందము. ఈ రెంటిని కలగాపులగము చేయకుండుటయే ఈ పాఠమునకు మూలము.

2. కొలతహద్దు ఎట్లు ఏర్పడును

ధాన్యపు నమూనా పరిశోధనాశాలకు పోయిన పిమ్మట దానిని పిండి చేసి, ద్రావకములో కలిపి, మందును ఆ ద్రావకములోనికి దింపి, శుభ్రపరచి, యంత్రము గుండ పంపుదురు. మందు ఎంత యున్నదో అంత ఎత్తున యంత్రము ఒక గీతను లేపును. ఆ ఎత్తును బట్టి పరిమాణము చెప్పుదురు. కాని మందు బొత్తిగా లేని శుభ్రమైన బియ్యమును పంపినను ఆ గీత నిశ్చలముగా నుండదు. సన్నగా వణకుచునే యుండును. గాలి హోరున వీచు రాత్రి దూరమున ఎడ్ల మెడగంట మ్రోగినదో లేదో చెప్పుట ఎంత కష్టమో, ఆ వణకులో కొద్దిపాటి మందును గుర్తించుట అంత కష్టము. గంట దగ్గరకు వచ్చినప్పుడే ‘అదిగో బండి’ అని రూఢిగా చెప్పగలము.

అందుచేత రసాయన శాస్త్రజ్ఞులు ముందుగా శుభ్రమైన నమూనాలను పలుమారులు పరీక్షించి ఆ వణకు ఎంత యున్నదో కొలుతురు. సాధారణముగా ఆ వణకునకు సుమారు మూడు రెట్లు మించినప్పుడు ‘ఉన్నది’ అని చెప్పుదురు. సుమారు పది రెట్లు మించినప్పుడు ‘ఇంత యున్నది’ అని అంకె వేయుదురు. ఈ రెంటికి నడుమ నున్నచో ‘ఉన్నది గాని ఇంత యని చెప్పజాలము’ అనవలసి వచ్చును. ఈ విభాగమును అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు లాయిడ్ క్యూరీ 1968లో స్పష్టముగా వివరించెను. చీటీలో ‘10కి లోపు’ అని యున్నప్పుడు ఆ 10 మొదటి హద్దో, రెండవ హద్దో తెలిసికొనుట మంచిది.

కొలతహద్దు దేశమంతట నొకటి కాదు. యంత్రమును బట్టి, పద్ధతిని బట్టి, తీసికొన్న నమూనా బరువును బట్టి, పదార్థమును బట్టి మారును. ఒకే శాలలో నీటికి ఒక హద్దు, బియ్యమునకు వేరొక హద్దు ఉండును. కావున ‘కనబడలేదు’ అను మాటకు దాని ప్రక్కన కొలతహద్దు లేనిదే అర్థము లేదు. ‘మా పొలములో పాము కనబడలేదు’ అని ఒకడు చెప్పిన, పగటివేళ చూచెనా, చీకటిలో చూచెనా యని అడుగుదుము గదా!

3. ఈ హద్దు మన ధాన్యమున కెందులకు

బండి ఆత్మకూరు ప్రాంతమున కర్నూలు–కడప కాలువ క్రింద సన్నరకపు వరి విస్తారముగా పండును. ఆ రకములలో మిక్కిలి పేరుపొందినది బాపట్ల పరిశోధనా స్థానమునుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి. దీని బియ్యము ఎంత రుచికరమో, పైరు అగ్గితెగులునకు అంత లోబడును. ఆ తెగులునకు రైతులు ఎక్కువగా వాడిన మందు ట్రైసైక్లజోల్.

2017లో యూరోపు సమితివారు బియ్యములో ఈ మందు అవశేష పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుండి 0.01 మిల్లీగ్రామునకు దించిరి. అనగా నూరవ వంతు చేసిరి. మన దేశమునుండి అచ్చటికి పోవు బాస్మతి వర్తకమునకు దీనివలన గొప్ప చిక్కు కలిగెను. బాస్మతి మన పంట కాదు గాని, ఆ పాఠము మనకును వర్తించును. ఏలయన ఈ 0.01 అను అంకె ఎచ్చటనుండి వచ్చినదో చూడుడు. ఏ మందునకు ప్రత్యేకముగా పరిమితి నిర్ణయింపబడలేదో, ఆ మందున కంతటికి వారు ఈ అంకెనే వేయుదురు. సాధారణ పరిశోధనాశాలలు నమ్మకముగా కొలువగలిగిన కనిష్ఠ పరిమాణము అదియే యని దాని భావము. అనగా కొలతహద్దునే తెచ్చి చట్టపు హద్దుగా నిలిపిరి.

ఆ పరిమాణ మెంత స్వల్పమో ఊహింపుడు. 0.01 మిల్లీగ్రామనగా 10 మైక్రోగ్రాములు. కిలోకు 10 మైక్రోగ్రాము లనగా పది కోట్ల పాళ్లలో ఒక పాలు. టన్ను బియ్యమునకు 10 మిల్లీగ్రాములు, అనగా రమారమి ఒక సన్నబియ్యపు గింజయెత్తు. ఇక పొలము లెక్క చూతము. 75 శాతపు పొడిమందును లీటరు నీటికి 0.6 గ్రాము చొప్పున, ఎకరమునకు 200 లీటర్లు చల్లినచో 120 గ్రాముల పొడి, అందు 90 గ్రాముల అసలు మందు పడును. ఎకరమునకు 25 క్వింటాళ్ల ధాన్యము పండినదనుకొన్న, ఆ గింజలలో 25 మిల్లీగ్రాములకు మించి మందు నిలువరాదు. చల్లిన దానిలో ఇది 3,600వ వంతు. ఇట్టి సూక్ష్మ పరిమాణముల యొద్ద సున్నకును, ‘హద్దుకు లోపు’ అనుటకును గల భేదము ధాన్యపు బేరమును నిలుపవచ్చును, చెడగొట్టవచ్చును.

4. ఒక ఉదాహరణ

లెక్క తెలియుటకై కల్పించుకొన్న ఉదాహరణ నిది. పదిమంది సభ్యుల బియ్యము నమూనాలను ఒక శాలకు పంపితిమనుకొందము. ఆ శాల కొలతహద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు. ఫలితములు మైక్రోగ్రాములలో ఇట్లున్నవి:

10కి లోపు, 10కి లోపు, 10కి లోపు, 10కి లోపు, 12, 14, 18, 25, 40, 61.

అంకెలు గల ఆరింటి మొత్తము 170. ఇప్పుడు సరాసరి యెంత? నలుగురు గుమాస్తాలు నాలుగు విధములుగా చెప్పుదురు.

మొదటివాడు ‘లోపు’ అన్నచోట సున్న వేసి, 170ని పదిచేత భాగించి 17 అనును.

రెండవవాడు ‘లోపు’ అన్నచోట పూర్తి హద్దు 10 వేసి, 210ని పదిచేత భాగించి 21 అనును.

మూడవవాడు సగము, అనగా 5 వేసి, 190ని పదిచేత భాగించి 19 అనును.

నాలుగవవాడు ‘అంకె లేని వానిని లెక్కలోనుండియే తీసివేయుదము’ అని, 170ని ఆరుచేత భాగించి 28 చిల్లర అనును.

వీరిలో నాలుగవవాడు నిశ్చయముగా తప్పినాడు. తక్కువ మందు గల నలుగురిని సంఘమునుండి వెలివేసి, మిగిలిన ఆరుగురి లెక్కను పదిమందికి అంటగట్టినాడు. చక్కగా సేద్యము చేసిన వారిని లెక్కలోనుండి తొలగించి, సంఘమునకంతకు చెడ్డపేరు తెచ్చినాడు. మొదటివాడు చెప్పిన 17కు తగ్గి నిజమైన సరాసరి యుండనేరదు. రెండవవాడు చెప్పిన 21కి మించియు ఉండనేరదు. కావున ‘సరాసరి 17కును 21కిని నడుమ నున్నది’ అనుటయే సత్యమైన మాట. ఇచ్చట ఆ యెడము స్వల్పము గనుక పనికి అడ్డము లేదు.

ఇప్పుడు అవే పది నమూనాలను కొలతహద్దు 50 గల వేరొక శాలకు పంపితిమనుకొందము. బియ్యము మారలేదు. కాని చీటీలో తొమ్మిదింటికి ‘50కి లోపు’ అనియు, ఒక్కదానికి మాత్రము 61 అనియు వచ్చును. తొమ్మిదిమందికి ‘కనబడలేదు’ అని వచ్చినదని సంఘములో మిఠాయి పంచుకొనవచ్చును. సున్న వేసినచో సరాసరి 6.1 మాత్రమే! పూర్తి హద్దు వేసినచో 51.1. నిజము ఈ రెంటి నడుమ ఎచ్చటనో యున్నది. అనగా ఆ చీటీ మనకు సరాసరిని గూర్చి ఏమియు చెప్పలేదన్న మాట. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఆ తొమ్మిదిమందిలో ఐదుగురి బియ్యము 10కి మించియే యున్నది. కొనువాడు 10 అను హద్దు గలవాడైనచో, 50 హద్దు గల శాల యిచ్చిన ‘కనబడలేదు’ చీటీ అతని యెదుట చెల్లదు. ఓడరేవులో జరుగు పరీక్షలో బయటపడినచో సరకు వెనుకకు వచ్చును. రానుపోను ఖర్చు ఎవరి నెత్తిన పడునో చెప్పనక్కరలేదు.

ఇందువలన మొదటి సూత్రము తేలినది. పరీక్షకు పంపుటకు ముందే శాల కొలతహద్దు చట్టపు హద్దునకు లోబడి యున్నదో లేదో అడుగవలెను. లోబడి యుండనిచో ఆ పరీక్షకు పెట్టిన సొమ్ము వృథా.

5. సరాసరికి బదులు నమ్మదగిన లెక్కలు

మొదటిది, నడిమి అంకె. దీనిని మధ్యగతమందురు. ఫలితములను తక్కువనుండి ఎక్కువకు వరుసగా పేర్చి నడుమ నున్న దానిని తీయవలెను. పై ఉదాహరణములో ఐదవది 12, ఆరవది 14. రెంటి నడుమ 13. మొదటి నాలుగు సున్నలైనను, తొమ్మిదులైనను ఈ 13 మారదు. సగముకంటె తక్కువ నమూనాలు హద్దుకు లోపున నున్నంతవరకు నడిమి అంకెను నిర్భయముగా చెప్పవచ్చును.

రెండవది, తలల లెక్క. ‘పదింటిలో ఆరు 10కి మించినవి’ అని చెప్పుట. దీనికి ఊహతో పనిలేదు, భాగహారముతోను పనిలేదు. సంఘపు మహాసభలో చదువుటకు ఇంతకంటె స్పష్టమైన మాట లేదు.

మూడవది, రెండు అంచుల లెక్క. సున్నతో నొకటి, పూర్తి హద్దుతో నొకటి తీసి, రెంటిని చూపుట. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పక్షమున 1995లో సమావేశమైన నిపుణులు ఆహార పదార్థముల విషయమున ఒక నియమము చెప్పిరి. హద్దుకు లోపున నున్న ఫలితములు నూటికి అరువదికి మించనిచో సగము వేసి సరాసరి తీయవచ్చును. అరువదికి మించినచో సున్నతోను, పూర్తి హద్దుతోను రెండు లెక్కలు చూపవలెను. సగము వేయు పద్ధతి సులభమే గాని, అది కేవలము సౌకర్యమునకై చేసికొన్న ఏర్పాటని మరువరాదు. ఆ సగము ఏ పొలములోను ఎవరును కొలిచినది కాదు.

నమూనాలు ఎక్కువైనప్పుడు శాస్త్రజ్ఞులు ఇంకను నేర్పుగల పద్ధతులు వాడుదురు. 1958లో ఎడ్వర్డు కాప్లన్, పాల్ మేయర్ అనువారు రోగుల ఆయుఃపరిమాణమును లెక్కించుట కొక పద్ధతి చెప్పిరి. పరిశోధన ముగియునాటికి ఇంకను జీవించియున్న రోగి ఎంతకాలము బ్రదుకునో తెలియదు. ‘ఇన్నిదినములకు మించి’ అని మాత్రమే తెలియును. అయినను అతనిని లెక్కలోనుండి తీసివేయరు. మన సంగతి దానికి తలక్రిందులు. మనకు ‘ఇంతకు లోపు’ అని మాత్రమే తెలియును. అమెరికా భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసిన డెన్నిస్ హెల్సెల్ ఈ సామ్యమును ఎత్తి చూపి, నీటి పరీక్షల లెక్కలలో సగము వేయు అలవాటు ఎంత దారి తప్పించునో 1990లో వ్రాసిన వ్యాసములోను, 2005లో ప్రకటించిన గ్రంథములోను వివరించెను. కనబడిన అంకెల వరుసను బట్టి కనబడని వాని వ్యాప్తిని అంచనా కట్టు పద్ధతులును కలవు. కాని పదిపన్నెండు నమూనాలకు ఇవి అక్కరలేదు. మూల ఫలితములను హద్దులతో సహా భద్రపరచినచో, ఎప్పుడైనను నేర్పరులు ఆ లెక్క కట్టగలరు. సున్నలుగా మార్చి వ్రాసినచో ఎంతటి పండితుడును వానిని మరల వెలికి తీయజాలడు.

6. రెండు సంవత్సరములను పోల్చునప్పుడు

పొరపాట్లలో మిక్కిలి మోసకరమైనది ఇదియే. పది నమూనాలలోను నిజముగా 8 మైక్రోగ్రాములే యున్నవనియు, రెండు సంవత్సరములు అట్లే యున్నవనియు అనుకొందము. మొదటి సంవత్సరము శాల హద్దు 50. గుమాస్తా సగము వేసి 25 వ్రాసెను. రెండవ సంవత్సరము శాలవారు క్రొత్త యంత్రము తెచ్చిరి. హద్దు 10 అయ్యెను. గుమాస్తా సగము వేసి 5 వ్రాసెను. పట్టికలో మందు ఐదవ వంతునకు దిగినట్లు కనబడును. సభలో చప్పట్లు కొట్టుదురు. పొలములో మాత్రము గడ్డిపోచంత మార్పును లేదు. మారినది యంత్రము.

సున్న వేయు గుమాస్తాకు దీనికి విరుద్ధమైన కీడు కలుగును. నమూనాలలో నిజముగా 20 యున్నవనుకొందము. మొదటి యేడు హద్దు 50 గనుక అన్నియు సున్నలు. రెండవ యేడు హద్దు 10 గనుక అన్నియు 20. ‘ఈ యేడు రైతులు మందు విపరీతముగా కొట్టినారు’ అను నింద వచ్చును. రైతులు చేసిన తప్పేమియు లేదు.

దీనికి విరుగుడు సులభము. హద్దులు వేరైన రెండు సంవత్సరములను పోల్చవలసినచో, రెంటిలో పెద్ద హద్దును పట్టుకొని, ‘50కి మించినవి ఆ యేడు ఎన్ని, ఈ యేడు ఎన్ని’ అని మాత్రమే పోల్చవలెను. క్రొత్త యంత్రము చూపిన సూక్ష్మమైన అంకెలు కొంత వృథా యగును. కాని పోలిక ధర్మమైనది యగును. కుంచముతో కొలిచిన పద్దును, గిద్దతో కొలిచిన పద్దును పోల్చునప్పుడు కుంచములలోనే మాటలాడుట న్యాయము.

7. త్రాగునీటి సంగతి

ధాన్యములో పొరపాటు జరిగిన సొమ్ము పోవును. నీటిలో జరిగిన ఆరోగ్యము పోవును. కనుక బావుల లెక్కలో మరింత మెలకువ వలయును.

కొన్ని పదార్థములకు ఈ చిక్కు లేదు. 1937లో చెన్నపట్టణ రాజధానిలోని నెల్లూరు జిల్లాలో పండ్లను, ఎముకలను చెరచు ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నీటిలో ఫ్లోరైడునకు మన దేశపు గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. దీనిని సామాన్యపు సాధనములు కూడ కొలువగలవు. నైట్రేటునకు 45 మిల్లీగ్రాములు, అదియు అట్టిదే. కాని సీసమునకు పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అనగా 10 మైక్రోగ్రాములు మాత్రమే. పురుగుమందులకు ఇంకను తక్కువ. యూరోపు దేశములవారు 1980లో త్రాగునీటిలో ఒక్కొక్క పురుగుమందునకు లీటరుకు 0.1 మైక్రోగ్రాము అని పరిమితి పెట్టిరి. అది విషగుణమును బట్టి కట్టిన అంకె కాదు. ‘నీటిలో మందు ఉండనే రాదు’ అను భావముతో, నాటి యంత్రములు చూపగలిగిన దానిని సున్నకు బదులుగా పెట్టిన అంకె. ఇట్టివానికి కొలతహద్దు అడుగకుండ చీటీ చదువుట నిష్ప్రయోజనము.

ఒక అభ్యాసము చేయుడు. ఇదియు కల్పితమే. ఎనిమిది బావుల నీటిలో సీసము, మైక్రోగ్రాములలో: 2కి లోపు, 2కి లోపు, 2కి లోపు, 3, 4, 6, 7, 12. సున్నతో సరాసరి 4. పూర్తి హద్దుతో 4.75. నడిమి అంకె 3.5. ఏ విధమున చూచినను సరాసరి 10కి ఎంతో తక్కువ. ఊరి నీరు మంచిదని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఎనిమిదవ బావిలో 12 యున్నది. ఆ బావినీరు త్రాగు బిడ్డలకు మిగిలిన ఏడు బావుల మంచితనము అక్కరకు రాదు. ధాన్యము ఒక రాశిగా కలియును గనుక సరాసరికి కొంత అర్థము కలదు. బావులు కలియవు. బావుల విషయమున తలల లెక్కయే లెక్క. మించినది ఏదో పేరు పెట్టి చెప్పి, దానిని మరల పరీక్షింపించి, అంతవరకు త్రాగుట మాన్పింపవలెను.

8. కనబడినదెల్ల కీడని తలపరాదు

ఇంతవరకు ‘కనబడలేదు’ అనుటను అతిగా నమ్మవలదంటిమి. దీనికి రెండవ వైపు కూడ చెప్పుట న్యాయము. 1957 ప్రాంతమున ఇంగ్లండులో జేమ్స్ లవ్‌లాక్ కనిపెట్టిన సాధనము వలన డి.డి.టి. వంటి మందులు అంతకుమునుపు ఊహింపని స్వల్ప పరిమాణములలో గూడ కనబడసాగెను. మందు నాడు క్రొత్తగా వచ్చినది కాదు. చూచు కన్ను క్రొత్తగా వచ్చినది. మన దేశమున డి.డి.టి. వాడుకను వ్యవసాయమున 1989లో నిషేధించిరి. బి.హెచ్.సి.ని 1997లో నిషేధించిరి. ఎండోసల్ఫానును 2011లో సుప్రీంకోర్టువారు నిలిపివేసిరి. వీనిలో నేలలో చిరకాలము నిలుచు డి.డి.టి. వంటి వాని జాడలు నేటి సూక్ష్మ యంత్రములకు ఇంకను కనబడవచ్చును. అంతమాత్రమున ఆ పొలము రైతు నిషిద్ధమైన మందు నేడు వాడెనని నిందింపరాదు. కనబడుట ఒకటి, చట్టపు హద్దు మించుట ఒకటి, హాని చేయుట ఒకటి. మూటిని మూడుగా విచారింపవలెను.

9. సంఘపు పుస్తకములో వ్రాయవలసిన తీరు

ప్రతి సంఘమును పరీక్షల కొక ప్రత్యేక పుస్తక ముంచుకొనవలెను. అందు ఈ అంశములు తప్పక యుండవలెను:

(అ) నమూనా తీసిన తేది, పొలము లేక బావి గుర్తు, తీసిన విధము.
(ఆ) పరీక్షించిన పదార్థము పేరు.
(ఇ) ఫలితము. అంకె వచ్చిన అంకె. రానిచో ‘10కి లోపు’ అని హద్దుతో సహా.
(ఈ) ఆ హద్దు కేవలము ఉనికిని గుర్తించు హద్దో, అంకె వేయుటకు తగిన హద్దో.
(ఉ) ఆ పదార్థమునకు చట్టపు హద్దు.
(ఊ) శాల పేరు, పద్ధతి.

సున్న ఎన్నడును వ్రాయరాదు. గడి ఖాళీగా విడువరాదు. ఖాళీ గడిని చూచి, పరీక్షించిన కనబడలేదో, అసలు పరీక్షింపనే లేదో తరువాతివారు తెలిసికొనలేరు. శాలవారు తమ జాబితాలో నున్న మందులనే వెదకుదురు. మనము కొట్టిన మందు ఆ జాబితాలో లేనిచో చీటీలో దాని పేరే రాదు. పేరు రాకపోవుట ‘కనబడలేదు’ అనుట కాదు. కనుక నమూనాతోబాటు ఆ పైరుపై ఏయే మందులు ఎప్పుడెప్పుడు చల్లితిమో వ్రాసి పంపుట మిక్కిలి ఉపకారము.

పరిశోధనాశాలవారిని అడుగుటకు రైతులు సంకోచింపవలదు. ‘అయ్యా, ఈ మందునకు మీ కొలతహద్దు ఎంత? మేము కొట్టిన మందు మీ జాబితాలో నున్నదా? హద్దునకు లోపున నున్నప్పుడు చీటీలో ఏమని వ్రాయుదురు?’ అను మూడు ప్రశ్నలు చాలును. మంచి శాల యేదియు వీనికి బదులు చెప్పుటకు వెనుదీయదు. బదులు చెప్పని శాలకు నమూనా పంపకుండుటయే మేలు.

చివరకు, లెక్క యెంత చక్కగా వ్రాసినను గింజలోని మందు తగ్గదు. దానిని తగ్గించునది సేద్యమే. నత్రజని ఎరువును మితిమీరి వేయకుండుట, తెగులు కనబడిన పిమ్మటనే, చెప్పిన మోతాదునే చల్లుట, చివరి చల్లకమునకును కోతకును నడుమ మందు పొట్లముపై చెప్పిన గడువు విడుచుట, తెగులుకు తట్టుకొను రకములను గూర్చి నంద్యాల పరిశోధనా స్థానమువారి సలహా పొందుట, ఇవి రైతు చేతిలోని పనులు. ఈ పనుల వలన మేలు కలిగినదో లేదో తెలుపునది సంఘపు పుస్తకము. కొలతకు అందిన దానిని అంకెగాను, అందని దానిని ‘ఇంతకు లోపు’ అనియు వ్రాసిన పుస్తకమును కొనువాడును నమ్మును, అధికారియు నమ్మును, మన పిల్లలును నమ్మి వాడుకొందురు.